మన కథల్లో చెట్టూ పిట్టా లేవంటారా?



ఈ వారం ఒక మాటకు జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మా జిల్లా కేంద్రంలో ఈమధ్య రెండు రోజుల సాహిత్య ఉత్సవం జరిగింది. పొద్దున ఒక సెషన్ ప్రకృతి రచన మీద, భోజనాల తర్వాత ఇంకొకటి జీవిత చరిత్రల మీద. మొదటి దాంట్లో అడవులు, పక్షులు, చిన్ననాటి చెరువు వచ్చాయి. బాగానే మాట్లాడారు, కాదనను. ఆ వేదిక మీద మనవాళ్లు ఒక్కరూ లేరు. రెండో సెషన్‌లో మాత్రం ఒక దళిత రచయితకు కుర్చీ వేశారు. పొద్దుటి సెషన్ చివర డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచి, దళిత సాహిత్యంలో ప్రకృతి రచన ఉందా అని అడిగింది. వేదిక మీది పెద్దాయన మర్యాదగానే జవాబిచ్చారు. వాళ్లది వేదన, ఆగ్రహం అమ్మా, చెట్టునీ పిట్టనీ చూసే తీరిక వాళ్లకు చరిత్ర ఇవ్వలేదు, వాళ్ల బలమంతా ఆత్మకథలో ఉంది అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ జవాబులో సానుభూతి ఉంది కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు.

నాకు ఆ తీరిక అన్న మాట దగ్గరే పేచీ. పొద్దున్నే గడ్డి కోయడానికి పోయిన మనిషి సాయంత్రం దాకా గడ్డినే చూస్తుంది. ఏ గడ్డి పశువు ఇష్టంగా తింటుంది, ఏది తింటే పాలు తగ్గుతాయి, ఏ గట్టున పాము ఉంటుంది అనేవి ఆమెకు తెలుసు. సాయంత్రం ఆ గట్టు మీద షికారుకు వచ్చిన మనిషికి సూర్యాస్తమయం తెలుసు. ఇద్దరిలో ప్రకృతిని ఎవరు చూసినట్టు? మనం ఇద్దరూ చూశారనే అందాం. కానీ ఒకరు చూసింది 'ప్రకృతి రచన' అవుతుంది, ఇంకొకరు చూసింది 'బతుకు బాధ' అవుతుంది. ఈ విడదీత ఎక్కణ్ణుంచి వచ్చిందో, మన రచయితలు దాన్ని ఎప్పుడెప్పుడు ఎలా తోసేశారో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఇంగ్లీషు సాహిత్యంలోనూ ఈ గొడవ ఉంది. జాన్ క్లేర్ అని ఒక కవి, 1793లో పుట్టాడు, వ్యవసాయ కూలీ. ఊరి ఉమ్మడి భూములకు కంచెలు వేసి సొంతం చేసుకుంటున్న కాలంలో ఆ భూముల మీది పిట్టల గూళ్ల గురించి అంత దగ్గరగా రాసినవాళ్లు తక్కువ. 1820లో మొదటి పుస్తకం అచ్చయినప్పుడు ప్రచురణకర్తలు ముఖపత్రం మీద అతని పేరు పక్కన 'నార్తాంప్టన్‌షైర్ రైతుకూలీ' అనే అర్థం వచ్చే మాట వేశారు. ఏ ప్రభువో పిట్టల మీద రాస్తే పేరు పక్కన అతని వృత్తి వెయ్యరు. కూలివాడు రాస్తే ముందు అతని బతుకు అమ్ముడుపోవాలి, పిట్ట ఆ తర్వాత. సరే, అది వాళ్ల ఊరి సంగతి. మన ఊరికి వద్దాం.

గుర్రం జాషువాతో మొదలుపెడదాం. మీలో చాలామంది బడిలో 'గిజిగాడు' పద్యాలు చదివే ఉంటారు. 'సాలీడు' కూడా. అవి బట్టీ పట్టినప్పుడు వాటిని ప్రకృతి కవిత్వం అనే చదివాం. టీచరు కూడా అలాగే చెప్పి ఉంటారు. అదే జాషువా 'గబ్బిలం' డిగ్రీలోకి, ఎమ్మేలోకి వచ్చేసరికి దళిత కవిత్వం అయిపోయింది. ఒకే మనిషిని రెండు అరల్లో పెట్టాం. చిన్నపిల్లలకు పిట్టల కవి, పెద్దవాళ్లకు ఆక్రోశ కవి.

ఇప్పుడు ఆ రెండు చిన్న ఖండికలనూ మళ్లీ తెరవండి. జాషువా ఎంచుకున్న జీవులేవో చూడండి. కోకిల, హంస, చకోరం లాంటివి కావ్యాల్లో ఎన్నో శతాబ్దాలుగా కొలువు చేస్తున్నాయి. ఆయన చూపు అల్లే పిట్ట మీద, నేసే పురుగు మీద పడింది. రెండూ పనివాళ్లే. గిజిగాడి గూడు అల్లేది మగ పిట్ట. పచ్చి గడ్డి పోచల్ని, తాటాకు చీలికల్ని ముక్కుతో లాగి, ముడి వేసి, కొమ్మ చివర నుంచి వేలాడదీస్తుంది. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చకపోతే వెళ్లిపోతుంది. ఈ పనిని అద్భుతంగా చూడాలంటే పని అంటే ఏమిటో తెలిసిన కన్ను కావాలి. అదే కాలంలో భావకవులు ఆకులో, పువ్వులో కలిసిపోవాలని తహతహలాడుతున్నారు. ఆ కవిత్వం నాకూ ఇష్టమే, క్లాసులో ఇష్టంగానే చెబుతాను. కానీ అందులో మనిషి తనని తాను మరిచిపోవడానికి ప్రకృతి దగ్గరికి వెళ్తాడు. జాషువా ఖండికలో మనిషి పిట్ట దగ్గరికి వెళ్లి దాని నేర్పును మెచ్చుకుంటాడు. ఒక చేతిపనివాడు ఇంకో చేతిపనివాణ్ణి మెచ్చుకున్నట్టు ఉంటుంది అది.

1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు మేఘదూతం పద్ధతిని తీసుకున్నాడని అందరూ చెబుతారు, అక్కడితో వదిలేస్తారు. కాళిదాసు యక్షుడు ఏడాది పాటు శాపం అనుభవిస్తున్న ఉద్యోగి. అతనికి ఇల్లుంది, అలకాపురిలో భార్య ఉంది, గడువు తీరితే వెళ్లిపోతాడు. జాషువా కథానాయకుడు తంజావూరులో ఉండే అరుంధతీ సుతుడు. అతని శాపానికి గడువు లేదు. సందేశం భార్యకు కాదు, కైలాసంలోని శివుడికి. మరి దూత ఎవరు? మేఘం ఆకాశంలో పోతుంది, దానికి గుడితో పనిలేదు. హంసకు రాజమర్యాద ఉంది. జాషువాకు కావలసింది రాత్రి మాలమాదిగల గుడిసెలోకీ వెళ్లగలిగేది, అదే రాత్రి గర్భగుడిలోకీ వెళ్లగలిగేది. అలాంటి జీవి ఒక్కటే ఉంది.

ఈ ఎంపిక ప్రతీక కోసం గాల్లోంచి ఊడిపడింది కాదు, పరిశీలనలోంచి పుట్టింది. పాత గుళ్లలోకి ఎప్పుడైనా వెళ్లారా? గాలిగోపురం లోపల, మండపం పైకప్పు చీకట్లో గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. ఆ వాసన ముక్కుకు తగులుతుంది. వాటి రెట్ట పడిందని సంప్రోక్షణ చేయించిన పూజారిని నేను చూడలేదు. గబ్బిలానికి ఉన్న ప్రవేశం ఆ గుడి కోసం రాళ్లు మోసినవాడి మనవడికి లేదు. జాషువా ఈ జంతుశాస్త్ర సత్యాన్ని తీసుకుని కుల వ్యవస్థకు ఎదురుగా పెట్టాడు. ఇంకో సంగతి కూడా చూడండి. గబ్బిలం పక్షి కాదు, పిల్లలకు పాలిచ్చే జీవి. పక్షులూ జంతువులూ యుద్ధం చేసుకుంటే గబ్బిలాన్ని ఎవరూ తమ పక్షంలో చేర్చుకోలేదన్న కథ మన పిల్లలకు తెలుసు. ఇంట్లోకి వస్తే అపశకునం అంటారు. అంటరానివాడని హిందూ పండితులు, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల మీద రాస్తాడని క్రైస్తవులు దూరం పెట్టిన కవికి ఆ జీవి ఎందుకు దగ్గరయిందో వేరే చెప్పాలా? పూజారి లేని వేళ చూసి నా మాట శివుడి చెవిన వెయ్యమని అతను గబ్బిలాన్ని అడుగుతాడు. ఆ వేళ గుడిలో ఎవరుంటారో ఎవరుండరో గబ్బిలం తిరుగుళ్లు తెలిసినవాడికే తెలుస్తుంది.

అంటే గబ్బిలం ప్రకృతి రచనే. అదే ఊపిరిలో జీవిత చరిత్ర కూడా. పేరు లేని ఒక మనిషి జీవిత చరిత్ర. అతని పేరేమిటో జాషువా చెప్పడు, అరుంధతీ సుతుడు అంటాడంతే. పేరు లేకపోవడం అతని జీవిత చరిత్రలో మొదటి వాస్తవం.

జాషువాలో జీవిత చరిత్రకారుడు కూడా ఉన్నాడని మనం సరిగా గుర్తించలేదు. 1932లో 'పిరదౌసి' రాశాడు. పదో శతాబ్దంలో పుట్టిన పారశీక కవి కథ అది. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని షానామా రాయించుకుని, చివరికి వెండి నాణేలు పంపాడని గజనీ మహమ్మద్ గురించి చెప్పుకునే కథ. వినుకొండలో పుట్టి, కొంతకాలం రాజమండ్రిలో మూకీ సినిమాలకు పక్కన నిలబడి కథ చెప్పి, బడిపంతులుగా బతికిన మనిషి ఎక్కడో పర్షియాలో మోసపోయిన కవిని ఎందుకు వెతుక్కున్నాడు? సొంత బతుకు సూటిగా చెప్పుకునే ముందు ఇంకొకరి బతుకులో చెప్పి చూసుకున్నాడని నా అభిప్రాయం. సూటిగా చెప్పుకోవడం 1960ల్లో 'నా కథ'తో జరిగింది, అదీ పద్యాల్లోనే.

నా పరిశోధన రోజుల్లో ఒక మిత్రుడు జాషువా కవిత్వంలో పక్షులు, పురుగులు అనే అంశం పెట్టాడు. కమిటీలో ఒక పెద్దాయన కాగితం తిప్పి ఇచ్చేశాడు. నీకెందుకయ్యా పిట్టలు, దళిత చైతన్యం మీద చెయ్యి, నీకు సూటవుతుంది అన్నాడు. ఆ మిత్రుడు చివరికి దళిత చైతన్యం మీదే చేశాడు. మంచి సిద్ధాంత గ్రంథమే. ఆ పిట్టల గ్రంథం మాత్రం ఇప్పటికీ లేదు. ఉత్సవాల్లో కుర్చీలు ఎలా వేస్తారన్నది ఇలాంటి కమిటీ గదుల్లోనే ముందుగా తేలిపోతుంది.

ఇక తంగేడు దగ్గరికి వద్దాం. తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో అది లేకుండా పేర్చరు. ఆ పసుపు రంగు మీద పాటలున్నాయి, కవితలున్నాయి, ఫేస్‌బుక్‌లో ప్రతి ఏడూ ఫొటోలున్నాయి. ఆ పొద చెక్క గురించి మీరు ఎన్ని కవితలు చదివారు?

తంగేడు చెక్క మాదిగల లందలోకి పోతుంది. లంద అంటే తోళ్లు ఊనే చోటు. చచ్చిన పశువు తోలు వలిచి తెచ్చాక ముందు సున్నపు నీళ్లలో వేస్తారు. వెంట్రుక ఊడాలి. తర్వాత కండ గీకాలి, సున్నం పోయేలా కడగాలి. అప్పుడు తంగేడు చెక్క నానిన నీళ్లు, కరక్కాయ. కొన్ని చోట్ల తోలును సంచిలా కుట్టి, లోపల చెక్కా నీళ్లూ నింపి, కొయ్యకో కొమ్మకో వేలాడదీసేవాళ్లు. ఆ నీళ్లు తోలు గుండా ఊరి చుక్కలు చుక్కలుగా కారతాయి. కింద కుండ పెట్టి పట్టి మళ్లీ పైన పోస్తారు. తోలు కుళ్లకుండా చెప్పుగా, బొక్కెనగా, ఎద్దు పలుపుగా, డప్పు మూతగా మారేది ఇందువల్లే. ఆ చెక్కలోని వగరును టానిన్ అంటారని బడిలో చదువుకున్నాం. ఏ చెక్కలో ఎంత వగరుందో నాలుక మీద పెట్టుకుని చెప్పగలిగిన మనుషులు మన పేటల్లో ఉండేవాళ్లు. తంగేడును పశువు మెయ్యదు, అందుకే మేత లేని బీడు నేలల్లో కూడా మిగిలి ఉంటుందని వాళ్లకు తెలుసు. వృక్షశాస్త్రం కాక మరేమిటిది?

19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి లండన్‌కు ఓడల్లో పోయిన తోళ్లకు 'ఈస్టిండియా కిప్స్' అని వ్యాపారంలో పేరు. వాటిని ఊనింది ఈ తంగేడు చెక్కతోనే. లాభం వర్తకులకు, ఎగుమతి కంపెనీలకు పోయింది. లంద వాసన మాత్రం మనకు మిగిలింది. ఆ వాసన చూపించే మనల్ని ఊరి బయట పెట్టారు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో కుండ చేసేవాళ్లనీ తోలు ఊనేవాళ్లనీ శాస్త్రజ్ఞులుగా చూపించింది ఇందుకే. దాన్ని సామాజిక శాస్త్రం అరలో పెట్టారు. నా మట్టుకు అది ప్రకృతి పుస్తకం కూడా.

ఈ తోలు కథ ఒక జీవిత చరిత్రలోకి ఎలా నడిచి వచ్చిందో చూడండి. వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం తెలుగులో 'మా నాయన బాలయ్య'గా వచ్చింది. అందులో వాళ్ల ముత్తాత మెత్తని తోలుతో చెప్పులు కుట్టి నిజాంకు సమర్పించుకుంటాడు. నిజాం మెచ్చి యాభై ఎకరాలు ఇస్తాడు. ఊరి దొర ఊరుకుంటాడా? రెండెకరాలు మిగిల్చి తక్కినదంతా లాక్కుంటాడు. ఒక కుటుంబం రైలు కూలీగా మారి, తర్వాతి తరం ప్రొఫెసర్లు అయిన చరిత్ర అక్కణ్ణుంచి కదులుతుంది. తోలు మెత్తబడటానికి కావలసిన చెట్టు, ఆ తోలు తెచ్చిన భూమి, భూమిని మింగిన దొర. వీటిలో ఏది ప్రకృతి, ఏది జీవితం? విడదీసి చూపించమనండి.

ఇక్కడ మనవాళ్లు కొందరు చేసే ఒక పని నాకు నచ్చదు. పాత వృత్తులన్నీ బంగారం, పల్లె తల్లి ఒడి, లంద మన ప్రయోగశాల అని పొంగిపోతూ రాస్తారు. లందలో దిగినవాళ్ల చేతులు సున్నానికి పొక్కిపోయేవి. ఆ పని ఎవరూ ఇష్టపడి ఎంచుకోలేదు. చచ్చిన పశువును మొయ్యడం మానెయ్యండని అంబేద్కర్ తన జనానికి చెప్పాడు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో భారత గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవుగా వర్ణించి, పల్లెను కీర్తించేవాళ్ల నోరు మూయించాడు. కాబట్టి మన ప్రకృతి రచనలో తిరిగి వెళ్లాలన్న బెంగ ఉండదు. ఎరుక ఉంటుంది, ఆ ఎరుక ఎంత ఖరీదుకు వచ్చిందో కూడా పక్కనే ఉంటుంది. ఉత్సవాల్లో ప్రకృతి రచన అంటే వాళ్లు ఎదురుచూసేది ఆ బెంగనే. అది కనబడక, ఇక్కడ ప్రకృతే లేదనుకుంటున్నారు.

అంబేద్కర్ పేరు వచ్చింది కాబట్టి నీళ్ల దగ్గరికి పోదాం. ఆయన పూర్తి ఆత్మకథ రాయలేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని కొన్ని పుటల జ్ఞాపకాలు రాశాడు, అంతే. కొలంబియా విశ్వవిద్యాలయంలో దాన్ని పాఠంగా చదువుతారు. చదివినవాళ్లు ఒకసారి నీటి కోసమే మళ్లీ చదవండి. 1901లో పిల్లలు తండ్రి దగ్గరికి బయల్దేరుతారు. రైలు దిగాక బండివాడు తోలడానికి ఒప్పుకోడు, రెట్టింపు కిరాయి ఇచ్చి వాళ్లే తోలుకోవాలి. దగ్గర తినడానికి ఉంది, తాగడానికి మంచినీళ్లు లేవు. రాత్రంతా ఆ దాహం. ఆ దారిలో నీళ్లు లేక కాదు. ఏ నీళ్లు ఎవరివో పిల్లలకు అప్పుడే తెలిసింది. 1934లో అదే మనిషి బారిస్టరై, ఉద్యమ నాయకుడై దౌలతాబాద్ కోట చూడటానికి వెళ్తే, కోట దగ్గరి చెరువులో కాళ్లూ ముఖమూ కడుక్కున్నందుకు గొడవ జరిగింది. దౌలతాబాద్ అప్పుడు మన నిజాం రాజ్యంలోది. ఈ రెండింటి మధ్య 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువు. వెయ్యేళ్లుగా పశువులూ పక్షులూ తాగుతున్న నీళ్లను మనుషులు దోసిట్లోకి తీసుకున్నారు. ఆ తర్వాత సవర్ణులు 108 కుండల నీళ్లు తోడి, పేడా పంచితమూ కలిపి చెరువును శుద్ధి చేశారు. హక్కు మీద బొంబాయి హైకోర్టు తీర్పు రావడానికి 1937 దాకా పట్టింది.

ఇదే కాలంలో, ఇదే నిజాం రాజ్యంలో, 1931-32లో సలీం అలీ పక్షుల సర్వే చేశాడు. ఆయన చేసిన ప్రాంతీయ సర్వేల్లో మొదటిది మన హైదరాబాద్ రాష్ట్రంలోనే. ఈ గడ్డ పక్షుల గురించి శాస్త్రీయంగా మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఆ నడకలోంచి వచ్చింది. గొప్ప పని, అందులో సందేహం లేదు. ఆయన ఆత్మకథ 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో' చదవండి, తనని తాను వెక్కిరించుకుంటూ సరదాగా రాస్తాడు. చిన్నప్పుడు తన గాలి తుపాకికి పడిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి ఆశ్చర్యపడటం దగ్గర ఆయన జీవితం మలుపు తిరుగుతుంది. దేశంలో ప్రకృతి రచనా జీవిత చరిత్రా కలిసిన పుస్తకం చెప్పమంటే అందరూ దాన్నే చెబుతారు. న్యాయమే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే పనికి బీహార్ నుంచి మీర్‌షికార్లనే పక్షులు పట్టేవాళ్లను తెచ్చుకుంది. పిట్టకు దెబ్బ తగలకుండా వల వెయ్యడం, దాన్ని అరచేతిలో ఎలా పట్టుకోవాలో తెలియడం తరాల విద్య. ఆ విద్య లేకుండా ఆ శాస్త్రం లేదు. సలీం అలీ ఆత్మకథ పక్కన ఆ విద్య ఉన్నవాళ్ల ఆత్మకథలు కూడా ఉంటే మన అల్మారా వేరేగా ఉండేది.

ఆ ఆత్మకథ వచ్చింది 1985లో. అదే సంవత్సరం జూలై 17 కారంచేడు.

కారంచేడు ఎక్కడ మొదలైందో ఇప్పటి విద్యార్థులకు చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తేదీ తెలుసు, నీళ్ల సంగతి తెలియదు. మాదిగపల్లె జనం తాగే నీళ్ల చెరువు అది. ముందు రోజు సాయంత్రం కమ్మ యువకులు ఆ చెరువు దగ్గర గేదెలకు కుడితి పెట్టి, కుడితి బకెట్ ఆ నీళ్లలో కడిగారు. ఒక దళిత కుర్రాడు ఇవి మేం తాగే నీళ్లని అడ్డు చెప్పాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకు వచ్చిన సువార్త బిందె ఎత్తి అడ్డం నిలిచింది. మర్నాడు పల్లె మీద దాడి. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. దళిత మహాసభ అక్కణ్ణుంచి పుట్టింది. 1991లో చుండూరు తర్వాత ఆ కోపం కవిత్వంలో ఇంకా చిక్కబడి, 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చింది.

మా ఊరి చెరువు అని కళ్లు మూసుకుని చదివే వ్యాసాలు నేను చాలా విన్నాను. తామరలు, కొంగలు, గట్టు మీద రావిచెట్టు. వినడానికి హాయిగానే ఉంటుంది. కారంచేడు చెరువు గురించి అలా రాయాలంటే ఆ బకెట్‌నూ ఆ బిందెనూ తీసేసి రాయాలి. తీసేస్తే ఆ చెరువు ఎవరికి ఏమిటో మిగలదు. ముకుల్ శర్మ 2017లో కులం, ప్రకృతి అనే రెండు మాటల్నీ కలిపి ఒక పెద్ద పుస్తకమే రాశాడు. మన దేశపు పర్యావరణ చర్చ కులాన్ని ఎలా చూడకుండా దాటేసిందో అందులో ఉంది. ఇంగ్లీషు వచ్చిన విద్యార్థులు వెతికి చదవండి.

పొరుగు భాషల్లో ఈ పని ఆత్మకథలే చేశాయి. 1992లో బామ తమిళంలో 'కరుక్కు' తెచ్చింది. ఆ పేరే తాటిమట్ట అంచున రంపంలా ఉండే పళ్లది. మన తెలుగు కరుకుదనంలోని కరుకు దానికి చుట్టమే. కట్టెలు ఏరుకునేటప్పుడు ఆ మట్ట గీసుకుపోయిన ఒళ్లు ఆమెది. పుస్తకం ఎలా మొదలవుతుందో గుర్తుందా? మా ఊరు అందమైనదని మొదలుపెట్టి చుట్టూ ఉన్న కొండలు, బండరాళ్లు, వాటి పేర్లు, ఆ పేర్ల వెనక కథలు చెబుతుంది. తర్వాత చెరువులు. అదే వరసలో, గొంతు మార్చకుండా, ఏ కులం ఏ వైపు ఉంటుందో, భూములు ఎవరివో చెప్పుకుపోతుంది. మొదటి పేజీలు మాత్రం చింపి ఇస్తే మంచి ప్రకృతి వ్యాసం అని సంకలనాల్లో వేసుకుంటారు. ఆమె చింపడానికి వీల్లేకుండా రాసింది. ఊర్మిళా పవార్ మరాఠీ ఆత్మకథ 'ఆయదాన్' 2003లో వచ్చింది. అది వెదురు బుట్టల పేరు, వాళ్లమ్మ అల్లి అమ్మి పిల్లల్ని పెంచిన బుట్టలు. కొంకణ్ కొండలెక్కి దిగుతూ గడ్డిమోపులూ కట్టెలమోపులూ మోసుకుని రత్నగిరి సంతకు నడిచే ఆడవాళ్లతో ఆ పుస్తకం తెరుచుకుంటుంది. కొండ ఎంత ఎత్తో అడుగులతో కాక మోపు బరువుతో తెలుస్తుంది పాఠకుడికి. కట్టెలమోపు, బుట్ట, తాటిమట్ట. ఆత్మకథలకు ఇలాంటి పేర్లు పెట్టుకున్నవాళ్లకు ప్రకృతిని చూసే తీరిక లేదంటారు!

మన తెలుగులో ఈ రెండు పనులూ ఒకే చేత్తో చేసిన రచయిత్రి గోగు శ్యామల. వికారాబాద్ వైపు పెద్దేముల్ ప్రాంతపు మాదిగ ఇంటి బిడ్డ. 2011లో ఆమె టి.ఎన్. సదాలక్ష్మి జీవిత చరిత్ర 'నేనే బలాన్ని' తెచ్చింది. సదాలక్ష్మి ఎవరో తెలియని విద్యార్థులు ఇప్పటికీ నా క్లాసులో సగం మంది ఉంటారు. పారిశుధ్య కార్మికుల కులంలో, సికింద్రాబాద్‌లో పుట్టి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా డిప్యూటీ స్పీకర్ అయిన మనిషి. 1969 తెలంగాణ ఉద్యమంలోనూ, తర్వాత మాదిగ దండోరాలోనూ ముందు నిలబడింది. దేవాదాయ శాఖ మంత్రిగా కూడా చేసింది. ఆ సంగతి చదివిన ప్రతిసారీ నాకు జాషువా గుర్తొస్తాడు. ఆయన గబ్బిలంతో కబురు పంపించిన గుళ్ల మీద పాతికేళ్లు తిరక్కుండానే ఒక అంటరాని కులపు ఆడమనిషి మంత్రి హోదాలో సంతకాలు చేసింది. శ్యామల ఆ పుస్తకాన్ని సదాలక్ష్మితో కూర్చుని, ఆమెను మాట్లాడించి రాసింది. దస్తావేజులు ఎవరి చేతుల్లో ఉంటాయో మనకు తెలుసు కాబట్టి, మన జీవిత చరిత్రలకు నోటిమాటే దస్తావేజు.

అదే శ్యామల కథల్లో పొలం, గొడ్డు, వాన, రాళ్లు, మాదిగవాడ పిల్లల ఆటలు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఆ కథల ఇంగ్లీషు సంపుటి 2012లో వచ్చింది. ఊరి చెరువు తన గోడు తనే వెళ్లబోసుకునే కథ ఒకటి అందులో ఉంది. చెరువు ఆత్మకథ అది. దాన్ని ఈ వారం చదివి రండి, వచ్చే భాగంలో దాని మీదే మాట్లాడుకుందాం.

ఈలోపు ఎమ్మే, పీహెచ్‌డీ విద్యార్థులకు ఒక పని. మీ పేటలో డెబ్భై దాటిన మనిషి దగ్గర కూర్చోండి. ఏ చెట్టు చెక్క దేనికి వాడేవాళ్లు, ఏ ఆకు కరువులో తిన్నారు, ఏ పిట్ట కూస్తే వాన అనుకునేవాళ్లు, మంచినీళ్లు ఏ బావి నుంచి ఎవరు పోస్తే తెచ్చుకునేవాళ్లు, చేద ఎప్పుడు తమ చేతికి వచ్చింది అని అడగండి. చెట్ల పేర్లు వాళ్ల నోట ఎలా వస్తే అలాగే రాయండి, పుస్తక భాషలోకి మార్చొద్దు. ఫోన్‌లో రికార్డు చేసేముందు అడగండి. కాగితం మీద అన్నిటికంటే పైన ఆ మనిషి పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయండి. పుట్టిన సంవత్సరం తెలియకపోతే, ఏ తుపానుకో ఏ కరువుకో ముందా వెనకా అని అడిగి అదే రాయండి.